కాజాలే మిగిలాయి

ఆ టైలరు దుకాణం బోర్డు మీద ఆయన పేరు అడుగెత్తు అక్షరాలతో రాసి ఉంది. అయినా బజారులో ఆ పేరు ఎవరికీ తెలియదు. ఎవరినడిగినా "రేపు మాస్టరా? ఆ మందుల షాపు పక్కన" అని దారి చూపిస్తారు. గుడ్డ ఇచ్చిన నాడు 'రేపు' అంటాడు. వారం తరవాత వెళ్తే 'రేపు' అంటాడు. నెల తరవాత పోట్లాటకి వెళ్ళినా అదే మొహంతో, అదే మర్యాదతో, కుర్చీ జరిపి మరీ 'రేపు' అంటాడు.

అది అబద్ధమని ఆయన ఏనాడూ అనుకోలేదు. అనుకుంటే ముప్పై ఏళ్ళపాటు ఒకే మాట అంత నిబ్బరంగా ఎలా అనగలడు? అనే క్షణంలో ఆయనకి నిజంగానే రేపు ఇచ్చేద్దామని ఉంటుంది. తెల్లారేసరికి ఇంకెవరో ఇంకేదో తొందర మీద వస్తారు. వాళ్ళ గుడ్డ పైకి వస్తుంది, ముందు వాళ్ళది కిందికి పోతుంది. ఇక గట్టిగా నిలదీసేవాళ్ళ కోసం ఆయన దగ్గర రెండో మాట ఉండేది: "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి."

కాజాలంటే గుండీలు పట్టే కన్నాలు. అవి మాత్రమే మిగిలాయంటే బట్ట తయారైనట్టే లెక్క. ఆ మాట విన్నాక ఎంత కోపిష్టివాడైనా చల్లబడి ఇంటికి పోతాడు. తిరకాసంతా ఎక్కడంటే, కాజాలు కుట్టేది టైలరు భార్య, ఇంట్లో కూర్చుని, చేత్తో. అందుకని బజారంతా ఆవిడ మీద జాలిపడేది. "మీ ఇంటావిడకి కళ్ళు సరిగ్గా ఆనవా మాస్టారూ" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ కళ్ళకేం, మసక వెలుతురులో సూదిలోకి దారం ఎక్కిస్తుంది. బట్ట చేతికొచ్చిన గంటలో కాజాలు కుట్టి తిప్పి పంపుతుంది. తన మీద ఇలాంటి నింద ఒకటి నడుస్తోందని తెలిసిన రోజున ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆ రెండు పూటలా ఆయన హోటల్లో తిన్నాడు.

ఈ టైలరుకి తగినవాడు ఒక స్టేషన్ మాస్టారు దొరికాడు.

ఊరి చివర చిన్న రైల్వే స్టేషను. పొద్దుణ్ణించి రాత్రి దాకా అటూ ఇటూ కలిపి పద్నాలుగు పాసింజరు బండ్లు. ఆ స్టేషన్ మాస్టారు ఒక్కడే మనిషి, భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. నిమిషం అనే మాటకి ఆయన ఇచ్చే విలువ ఇంకెవరూ ఇవ్వరు. 'పదింటికి వస్తాను' అని ఎవరైనా అంటే 'పది గంటల ఎన్ని నిమిషాలకి?' అని అడిగే రకం. అలాంటి మనిషి వెళ్ళి వెళ్ళి రేపు మాస్టర్ చేతిలో ముదురు నీలం కోటు గుడ్డ పెట్టాడు.

"వచ్చే నెల ముప్పయ్యో తారీఖున రిటైరవుతున్నాను మాస్టారూ," అన్నారాయన. "ముప్పై ఆరేళ్ళు డిపార్టుమెంటు ఇచ్చిన కోట్లే వేసుకున్నాను. ఒకటి భుజాల దగ్గర జారేది, ఒకటి చంకల్లో పట్టేది. ఆఖరి రోజున, ఆ ఒక్క రోజైనా, నా కొలతకి కుట్టిన కోటు వేసుకుని బండికి జెండా ఊపాలని ఉంది."

టైలరుకి ఆ మాట నచ్చింది. చాలా శ్రద్ధగా కొలతలు తీసుకుని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై నాలుగు.

"ఎప్పుడు రమ్మంటారు?"

"రేపు," అన్నాడు టైలరు.

ఆయన మర్నాడు సరిగ్గా అదే నిమిషానికి వచ్చి నిలబడ్డారు. టైలరు కుర్చీ జరిపి మళ్ళీ 'రేపు' అన్నాడు. ఆ తరవాత ఐదారుసార్లు ఇలాగే అయ్యాక, ఆ పోరు పడలేక టైలరు ఒకరోజు రెండో మాట వాడేశాడు: "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి." నిజానికి గుడ్డ ఇంకా కాగితం కవరులోంచి బయటికే రాలేదు.

ఆ మాట అన్న మూడో రోజున, అంటురోగం వచ్చిందని ఊళ్ళన్నీ మూసేశారు.

*

సాయంత్రం ప్రకటన, రాత్రి నించి అమలు. ఉన్న కాస్త టైములో టైలరు కంగారుగా దుకాణానికి పరిగెత్తి, చిన్న చేతి మిషను ఒకటి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. వచ్చాక చూసుకుంటే మిషనుంది, కత్తెర ఉంది, కొలతల పుస్తకం ఉంది, కుట్టడానికి గుడ్డ ముక్క లేదు. గుడ్డలన్నీ దుకాణంలో అరల మీదే ఉండిపోయాయి.

"అన్నం మరిచిపోయి విస్తరి తెచ్చినట్టుంది మీ వరస," అంది భార్య.

మొదటి వారం ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు చింపి మాస్కులు కుట్టాడు. పక్క వాటాల్లో ఉన్నవాళ్ళందరికీ పంచాడు. దుప్పట్లు అయిపోయాయి. మరిక ఏం చెయ్యాలో తోచలేదు. టేపు మెడలో వేసుకుని ఇల్లంతా కొలిచాడు. కిటికీ కొలిచాడు, తలుపు కొలిచాడు, మంచానికీ వంటింటి గుమ్మానికీ మధ్య దూరం కొలిచాడు. మర్నాడు ఏమైనా మారిందేమోనన్నట్టు మళ్ళీ కొలిచాడు. దారం ఎక్కించని మిషను ముందు కూర్చుని ఊరికే చక్రం తిప్పేవాడు. ఆ చప్పుడు వింటుంటే భార్యకి ఏడుపొచ్చేది, కానీ ఆపమనేది కాదు. ఆ చప్పుడు ఆగితే ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, అది ఇంకా భరించలేం.

మనిషికి పని పోతే చేతులే పోతాయనుకుంటాం. ఆయనకి రోజులు కూడా పోయాయి. సోమవారమో గురువారమో తెలిసేది కాదు. ఎవరూ వచ్చి 'ఎప్పుడిస్తావు' అని అడగడం లేదు కాబట్టి 'రేపు' అనే అవసరమే రాలేదు. రెండు వారాలన్న మూసివేత ఇంకో రెండు వారాలన్నారు. అవి అయ్యేలోగా మరో రెండు వారాలన్నారు.

"పైన ఎవరో మీ శిష్యులే ఉన్నట్టున్నారు," అంది భార్య.

ఆయన నవ్వలేదు. రేపనే మాట ఎదటివాడి నోట్లోంచి వస్తే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడే కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

ఆ రోజుల్లో ఆయన్ని మనిషిగా నిలబెట్టింది ఒక్క ఫోను. మూసేసిన మర్నాటి నించే, రోజూ పొద్దున్న పది గంటల పది నిమిషాలకి మోగేది. ఒక నిమిషం ముందు కాదు, ఒక నిమిషం వెనక కాదు.

"మాస్టారూ, నేను స్టేషన్ మాస్టర్ని. కోటు ఎంతవరకు వచ్చింది?"

"కాజాలేనండీ."

"కాజాలు లేకపోతే పోయాయి, పిన్నీసులు పెట్టుకుంటాను, అలాగే ఇచ్చెయ్యండి."

"అయ్యయ్యో, అంత మంచి గుడ్డకి పిన్నీసులేంటండీ," అని నీళ్ళు నమిలేవాడు టైలరు. "రేపు చూద్దాం."

మొదట్లో ఆ ఫోనంటే భయపడ్డాడు. రాను రాను దానికోసం తొమ్మిదిన్నరకే గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫోనులో గడ్డం కనపడదని భార్య గుర్తు చేసినా మానలేదు. కోటు సంగతి ఒక నిమిషంలో తేలిపోయేది. తరవాత ఇద్దరు మాస్టర్లూ పావుగంట మాట్లాడుకునేవారు.

స్టేషన్ మాస్టారు పని ఆగలేదు, బండ్లే ఆగాయి. స్టేషన్లో ఆయన, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు, అంతే. బండి రాకపోయినా రిజిస్టరు తెరిచి, ఆ బండి రావలసిన టైము రాసి, పక్కన 'రాలేదు' అని రాసి సంతకం పెట్టేవారు. రోజుకి పద్నాలుగుసార్లు.

"అలా రాయమన్నారా పైనించి?" అని అడిగాడు టైలరు.

"ఎవరూ అనలేదు. రాయకపోతే అది ఉత్త రోజైపోతుంది. రాస్తే, బండి రాని రోజవుతుంది. రెండింటికీ తేడా ఉంది మాస్టారూ."

టైలరుకి ఆ తేడా వెంటనే అర్థమైంది. ఆ మధ్యాహ్నం భార్య పాత లంగా ఒకటి తీసుకుని, కుట్లు విప్పి మళ్ళీ కుట్టాడు. మర్నాడు మళ్ళీ విప్పి ఇంకోలా కుట్టాడు. ఆ రెండు రోజులూ ఇల్లు కొలవలేదు.

"పదీ పదికే ఎందుకండీ ఫోను చేస్తారు?" అని ఒకరోజు అడిగాడు.

"పగటి పాసింజరు టైమది. ఆ నిమిషానికి నా చెయ్యి దానంతటదే జెండా కోసం లేస్తుంది. లేచిన చెయ్యి ఊరికే ఎందుకు దించాలని ఫోను తీస్తున్నాను."

*

నెలాఖరు దగ్గర పడింది. మూసివేత వచ్చే నెల్లోకి పొడిగించారని టీవీలో చెప్పారు. ఆ మర్నాడు పదీ పదికి ఫోను మోగింది. ఆయన గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

"ముప్పయ్యో తారీఖుకి బండ్లు నడవవట మాస్టారూ. ముప్పై ఆరేళ్ళు బండ్లు పంపించి, ఆఖరి రోజున ఖాళీ పట్టాలు చూసి ఇంటికెళ్ళాలి. సరే, ఏం చేస్తాం. కోటుంది కదా. బండి లేకపోయినా కోటు వేసుకుని పదీ పదికి ప్లాట్‌ఫాం మీద నిలబడతాను. అనుకున్నవాటిలో ఒక్కటైనా అనుకున్నట్టు జరుగుతుంది."

ఆ మనిషి అంత నమ్మకంగా 'కోటుంది కదా' అంటుంటే, కవరులో మడత కూడా విప్పని నీలం గుడ్డ టైలరు కళ్ళకి కట్టింది. ముప్పై ఏళ్ళలో ఏ గిరాకీ దగ్గరా కలగని సిగ్గు ఆ క్షణాన కలిగింది. ఆ సిగ్గులో నోరు జారాడు.

"మాస్టారూ, కాజాలు కాదండీ మిగిలింది. నేను గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు."

ఆగకుండా మిగతాదీ చెప్పేశాడు.

"దుకాణంలోనే ఉండిపోయిందండీ. బజారు మొత్తం మూసేశారు. నన్ను పోనివ్వరు."

"ఎప్పటికి కుట్టగలరు?"

రేపు అనేస్తే పోయేది. నన్నడిగితే అప్పుడే అనాల్సింది. కానీ నిజం చెప్పడం మొదలుపెట్టిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదు. "చెప్పలేనండీ," అన్నాడు టైలరు.

"సరే మాస్టారూ," అని ఆయన ఫోను పెట్టేశారు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "ముప్పై ఏళ్ళు చెప్పని నిజం ఇవాళే చెప్పాల్సొచ్చిందా మీకు?" అంది. తిట్టినట్టు లేదు ఆ గొంతు. అందుకే ఆయనకి ఇంకా గుచ్చుకుంది.

మర్నాడు పదీ పదికి ఫోను మోగలేదు. పదీ ఇరవైకి టైలరు తన ఫోను సరిగ్గా పనిచేస్తోందో లేదో భార్య ఫోను నించి చేసి చూసుకున్నాడు. ఆ పై రోజూ మోగలేదు. కోపం వచ్చి ఉంటుందనుకున్నాడు. రావలసిందే, రానీ, తిట్టడానికైనా చెయ్యొచ్చు కదా అనుకున్నాడు. మూడో రోజు ఇక ఉండబట్టలేక తనే స్టేషనుకి ఫోను చేశాడు. పాయింట్స్‌మన్ ఎత్తాడు.

"మాస్టారు లేరండీ. మొన్న సాయంత్రం ఆస్పత్రి బండి వచ్చి తీసుకెళ్ళింది. వారం నించీ జ్వరం దాచుకున్నారు. ఊపిరి అందకపోయేసరికి నేనే ఫోను చేశాను. మీరు టైలరుగారేనా?"

"అవును."

"మీరు ఫోను చేస్తే ఒక మాట చెప్పమన్నారండీ. కోటుకి తొందరేం లేదన్నారు."

టైలరు ఫోను పెట్టేశాడు. ముప్పై ఏళ్ళలో గిరాకీలు ఆయన్ని అనని మాట లేదు. దొంగ అన్నారు, కోర్టుకి లాగుతామన్నారు, ఒకాయన చెప్పు కూడా తీశాడు. తొందరేం లేదని మాత్రం ఎవరూ అనలేదు. బట్ట కావలసినవాడు అనే మాట కాదది. ఇక బట్టతో పని లేదనుకున్నవాడే అంటాడు.

"ఎక్కడికి?" అంది భార్య, ఆయన మాస్కు కట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే.

"దుకాణానికి."

*

బజారు మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టి ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టైలరు దూరంగా నిలబడి సంగతంతా చెప్పాడు. కోటు, ఆస్పత్రి, ముప్పయ్యో తారీఖు.

"పాలకీ మందులకీ తప్ప ఎవరినీ వదలొద్దని ఆర్డరు," అన్నాడు కానిస్టేబులు. తరవాత కళ్ళు చికిలించి, "మీరు రేపు మాస్టర్ కదూ?" అన్నాడు.

"అవునండీ."

"నా యూనిఫారం ప్యాంటు మీ దగ్గర మూడు నెలల్నించి ఉంది."

టైలరు అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసేశాడు. అటు చూస్తే వీధి బోసిగా ఉంది. మూసిన షట్టర్ల మీద దుమ్ము పేరుకుంది. ఎప్పుడూ భుజాలు రాసుకుని నడిచే చోట ఒక కుక్క కాళ్ళు బార్లా చాపి నిద్రపోతోంది.

"అదీ తెచ్చి కుట్టేస్తానండీ. ఈ వారంలోనే."

"కాజాలు మిగిలాయా?"

"లేదండీ. ఇంకా కత్తిరించలేదు."

ఆ జవాబుకి కానిస్టేబులు ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యంలోనే లేచి బొంగు ఒక చివర ఎత్తాడు. "పది నిమిషాలు. షట్టరు సగమే లేపండి," అన్నాడు.

నీలం గుడ్డ కవరు పై అరలోనే ఉంది. దాన్ని గుండెకి అదుముకుని, ప్యాంటు గుడ్డ చంకలో పెట్టుకుని, లైనింగు, గుండీలు జేబులో కుక్కుకుని, తొమ్మిది నిమిషాల్లో బొంగు ఇవతలికి వచ్చాడు. టైముకి ముందు ఒక పని ముగించడం ఆయనకది మొదలు.

ఇంటికొచ్చి గచ్చు మీద దుప్పటి పరిచి, దాని మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీశాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాక భార్య మెల్లిగా అడిగింది.

"అన్నయ్యగారు ఆస్పత్రిలో పడ్డారు కదా. చిక్కిపోయి ఉంటారు. ఛాతీ ఒక రెండంగుళాలు తగ్గిస్తే నయమేమో."

ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ చూశాడు. ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది. ఆ రోజు ఎదురుగా నిటారుగా నిలబడి, టేపు చల్లగా తగిలితే కూడా కదలని మనిషి గుర్తొచ్చాడు.

"తగ్గించను," అన్నాడు. "తగ్గిస్తే ఆయన తగ్గిపోయాడని నేను ఒప్పుకున్నట్టే. ఏ మనిషి కొలతిచ్చాడో ఆ మనిషికే కుడతాను."

ఐదు రోజులు కుట్టాడు. పొద్దున్న వెలుతురు కిటికీలోకి రాగానే మొదలుపెట్టి, వెలుతురు పోయేదాకా. ముందు దూరం దూరంగా తెల్ల దారంతో కుట్లు వేసి, హేంగరుకి తగిలించి, దూరం నించి చూసి, నచ్చక విప్పి, మళ్ళీ వేశాడు. కాలరు మూడుసార్లు తిరగేశాడు. ఆ ఐదు రోజులూ టేపు గుడ్డని తప్ప దేన్నీ కొలవలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టింది. ఒకరికి జబ్బు చేస్తే తనకి నిద్ర పట్టిందని సిగ్గుపడ్డాడు కూడా.

రోజూ పదీ పదికి స్టేషన్ మాస్టారు సెల్లుకి ఫోను చేశాడు. స్విచాఫ్. స్విచాఫ్. మోగి మోగి ఆగిపోయింది. ఐదో రోజున ఎత్తారు. మాట వినపడలేదు, ఊపిరి చప్పుడే వినపడింది.

"మాస్టారూ, నేను టైలర్ని. కోటు అయిపోయిందండీ. కాజాలే మిగిలాయి."

అటునించి ఒక చప్పుడు వచ్చింది. దగ్గో నవ్వో తెలియలేదు. ఆ మాట స్టేషన్ మాస్టారు ఇప్పటికి పాతికసార్లు విన్నారు. జీవితంలో మొట్టమొదటిసారి ఆ మాట అక్షరాలా నిజం, దాన్ని నమ్మించే దారి మాత్రం టైలరుకి తెలియలేదు.

భార్య కోటు ఒళ్ళో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"అన్నయ్యగారూ, నేనండీ, కాజాలు కుట్టేదాన్ని. ఇన్నాళ్ళూ నా పేరు చెప్పి ఈయన అందరికీ అబద్ధాలే చెప్పాడు. ఇవాళ మాత్రం నిజం. కోటు నా ఒళ్ళో ఉంది. ముందు వైపు నాలుగు పెడుతున్నాను. చేతులకి ఎన్ని పెట్టమంటారు, రెండా మూడా?"

ఆయన గొంతు సన్నగా వచ్చింది. "మూడు."

"మూడే పెడతాను. సాయంత్రానికి అయిపోతుంది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?"

మళ్ళీ ఊపిరి చప్పుడు. ఒక్కొక్క మాటకీ లోపల్నించి గాలి తోడుకోవాల్సిన మనిషి, ఉన్నవాటిలో చిన్న మాట వెతుక్కున్నాడు.

"రేపు," అన్నారు.

*

ముప్పయ్యో తారీఖు రానే వచ్చింది. ఆ రోజు పదీ పదికి అటునించే ఫోను మోగింది.

"ఇవాళ్టితో అయిపోయింది మాస్టారూ," అన్నారాయన, ఆగి ఆగి. "ఇంక ఆ కోటెందుకు. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

టైలరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతో కోపం కూడా వచ్చింది.

"ఎవరికిస్తానండీ? మీ భుజాలు ఇంకెవరికున్నాయి? నేను ఉద్యోగానికి కుట్టలేదు, మీకు కుట్టాను. డెలివరీ తీసుకోని బట్టలకి మా బాధ్యత లేదని దుకాణంలో బోర్డు కూడా ఉంది, మీరు చదివే ఉంటారు. ఎప్పుడొస్తారో చెప్పండి."

అవతల ఎవరో ఆయన్ని పడుకోమంటున్నారు. "రేపు," అని స్టేషన్ మాస్టారు ఫోను పెట్టేశారు.

అక్కణ్ణించి వరస మారిపోయింది. రోజూ పదీ పదికి టైలరు ఫోను చేసేవాడు. కోటు సిద్ధం, ఎప్పుడొస్తారు? రేపు. ఇస్త్రీ కూడా చేశాను, ఎప్పుడొస్తారు? రేపు. కానిస్టేబులు ప్యాంటు కుట్టి ఇచ్చేశాను, మీదే మిగిలింది. రేపు. ఫోను పెట్టేశాక టైలరు కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగేవాడు. ఒక రోజు ఉత్త చిరాకుతో, "రేపు రేపు అని ఎన్నాళ్ళండీ," అనేశాడు కూడా. అనేసి తన గొంతు తనే విని ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ తన దుకాణం మెట్ల మీద నిలబడినవాళ్ళంతా ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు. 'ఎదిగే పిల్లాడు మాస్టారూ, కాస్త వదులుగా కుట్టండి' అని బడి బట్టలిచ్చిన తల్లి ఒకావిడ. ఆవిడ తిరిగి తిరిగి బట్టలు తీసుకునేసరికి ఆ పిల్లాడికి అవి బిగుతైపోయాయి.

ఒక రోజు నర్సు ఎత్తింది. "మీరు టైలరా?" అంది. "ఆయన మాట్లాడే స్థితిలో లేరండీ. పదీ పదికి ఫోను వస్తే రేపు అని చెప్పమని నిన్ననే నాకు చెప్పిపెట్టారు. ఏంటండీ రేపు?"

"ఆయనకి తెలుసమ్మా," అన్నాడు టైలరు. అని, పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. భార్య ఆ పూట పిలవలేదు. అన్నం మూతపెట్టి ఉంచింది.

ఆ పై రోజులు నర్సే ఎత్తింది. రేపంది. మళ్ళీ రేపంది. ఆరో రోజున ఆయనే ఎత్తి రేపన్నారు. గొంతు లోతుగా, దూరంగా ఉంది, కానీ ఆయనదే. ఆ తరవాత మరి తొమ్మిది రోజులు అదే మాట. కోటు గోడకి, మేకుకి, తెల్ల గుడ్డ కప్పుకుని వేలాడుతూ ఉంది. టైలరు రోజూ పొద్దున్న దాని మీద దుమ్ము దులిపేవాడు. దుమ్ము ఉండేది కాదు.

పదో రోజున ఎప్పటిలాగే గడ్డం గీసుకుని, పదీ పదికి ఫోను చేశాడు. చెవిలో మోగుతోంది. మోగుతున్న చప్పుడు ఎందుకో రెండుగా వినపడుతోంది. ఫోను చెవి నించి తీశాడు. అయినా వినపడుతోంది. గుమ్మం బయటి నించి.

భార్య ముందే లేచి తలుపు తీసింది.

మెట్ల దగ్గర స్టేషన్ మాస్టారు నిలబడి ఉన్నారు. మాస్కు పైన కళ్ళు లోపలికి పోయాయి. కింద వీధిలో పాయింట్స్‌మన్ స్కూటరు పట్టుకుని ఉన్నాడు. ఆయన ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో మోగుతున్న ఫోను పట్టుకుని, ఊపిరి కూడదీసుకున్నారు.

"నిన్న చెప్పాను కదా," అన్నారు, "రేపని."

టైలరు వెళ్ళి గోడ మీది కోటు తీసుకొచ్చాడు. దగ్గరికి రావచ్చో లేదో తెలియక గుమ్మంలో కుర్చీ వేసి, దాని వీపుకి కోటు తగిలించి, వెనక్కి జరిగాడు. ఆయన కుర్చీ ఆసరా చేసుకుని ఒక చెయ్యి తొడిగారు. కాసేపాగి రెండో చెయ్యి తొడిగారు.

కోటు కోటులాగే నిలబడింది. లోపల మనిషే సగమున్నాడు. భుజాలు చెరో వేలెడు బయటికి దిగాయి, చేతులు వేళ్ళని కప్పేశాయి, ఛాతీ దగ్గర ఇంకొకరు పట్టేంత చోటుంది. ఒక్క రోజైనా తన కొలతకి కుట్టిన కోటు వేసుకోవాలనుకున్న మనిషి అందులో చిన్న పిల్లాడిలా ఉన్నాడు. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. టైలరు గబగబా మెడలోంచి టేపు తీశాడు, సుద్ద వెతికాడు.

"కూర్చోండి మాస్టారూ. పక్క కుట్లు విప్పి రెండంగుళాలు లోపలికి తీస్తాను. చేతులు పైకి మడుస్తాను. ఎంతసేపు, మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను."

మధ్యాహ్నం అనే మాట ఆయన నోట వినడం భార్యకి అదే మొదలు. ఆవిడ తలెత్తి చూసింది.

స్టేషన్ మాస్టారు ఒకడుగు వెనక్కి వేశారు. "వద్దు. ముట్టుకోకండి."

"అంత వదులుగా ఉంటే ఎలాగండీ?"

"మాస్టారూ, బడి పిల్లలకి కుట్టేటప్పుడు తల్లులు మీతో ఏమంటారు?"

"ఏమంటారండీ, అందరూ ఒకటే అంటారు. ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టమంటారు."

"మరి అదే," అన్నారాయన. పొడుగు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసుకుని, పై గుండీ పట్టుకుని, కాజా వెతుక్కుని, ఎవరి సాయం లేకుండా, ఒకటొకటిగా నాలుగూ పెట్టుకున్నారు.